రక్తకణాలకు ఏ మూలిక మంచిది? ఉసిరి, తిప్పతీగ, బొప్పాయి ఆకు, మునగాకు, పసుపు: ఎవరికి ఏది

సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టులో ఒకటి రెండు అంకెలు తేడాగా కనిపిస్తే చాలు, ఇంట్లో సలహాలు మొదలవుతాయి. పిన్ని ఉసిరి రసం తాగమంటుంది. పక్కింటాయన తిప్పతీగ అంటాడు. వాట్సాప్‌లో ఎవరో బొప్పాయి ఆకు పసరు వీడియో పంపుతారు. మెడికల్ షాపుకు వెళితే మునగాకు క్యాప్సూళ్లు, పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ మాత్రలు వరసగా పేర్చి ఉంటాయి. అన్నిటి మీదా దాదాపు ఒకటే మాట: యాంటీఆక్సిడెంట్, రక్తకణాలకు రక్షణ. యాంటీఆక్సిడెంట్ అంటే ఆక్సీకరణ వల్ల కణాలకు జరిగే నష్టాన్ని అడ్డుకునే పదార్థం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామందికి ఉసిరికాయ, మునగాకు మామూలు తిండిలా తింటే సరిపోతుంది. సారం తీసి క్యాప్సూల్‌లో నింపినది కొనాల్సినవాళ్లు చాలా తక్కువ. కొందరైతే వాటికి దూరంగా ఉండటమే మంచిది. ఎందుకో తెలియాలంటే ఆ లేబుల్ మీది మాట ఎక్కడ పుట్టిందో చూడాలి.

## లేబుల్ వెనక ఉన్న ప్రయోగం

మొక్కల సారాల మీద వచ్చే పరిశోధనల్లో ఎక్కువగా రెండు పరీక్షలు కనిపిస్తాయి.

మొదటిది డీపీపీహెచ్ పరీక్ష. డీపీపీహెచ్ అనేది ముదురు ఊదా రంగు రసాయనం. యాంటీఆక్సిడెంట్ కలిపితే ఆ రంగు విరిగి పసుపు వైపు తిరుగుతుంది. 517 నానోమీటర్ల కాంతి దగ్గర ఆ మార్పును కొలుస్తారు. సగం పని జరగడానికి ఎంత సారం పట్టిందో ఆ అంకెను ఐసీ50 అంటారు. అది ఎంత తక్కువైతే సారం అంత బలమైనదని లెక్క. పోల్చి చూడటానికి పక్కన సి విటమిన్ పెడతారు.

రెండోది ఎర్ర రక్తకణాల పరీక్ష. దాత రక్తం నుంచి ఎర్రకణాలను వేరుచేసి, సెలైన్‌తో కడిగి, మొక్క సారం కలుపుతారు. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి దాడి చేసే రసాయనం పోస్తారు. కణం పొర చిరిగితే లోపలి హిమోగ్లోబిన్ బయటికి వచ్చి పైన తేరిన నీరు ఎర్రబడుతుంది. సారం కలిపిన ట్యూబులో ఆ ఎరుపు తక్కువగా ఉంటే కణాలను కాపాడిందని రాస్తారు. సులువైన, చవకైన పరీక్ష కాబట్టి ఏటా ఎన్నో మొక్కల మీద ఇలాంటి ఫలితాలు వస్తుంటాయి.

ఈ పరీక్షలో అర్థముంది. ఎర్రకణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. దెబ్బతిన్న ప్రోటీన్‌ను కొత్తగా తయారు చేసుకోలేదు. పైగా పొద్దస్తమానం ఆక్సిజన్ మోస్తూ 120 రోజుల దాకా తిరగాలి. దాని పొరలోని కొవ్వులు తేలిగ్గా ఆక్సీకరణకు లోనవుతాయి. అందుకే ఒక సారం ఆ పొరను కాపాడుతుందా అని అడగడం మంచి ప్రశ్నే. చిక్కంతా ట్యూబు నుంచి ఒంట్లోకి వచ్చేటప్పుడు ఉంది.

ట్యూబులో సారం నేరుగా కణాన్ని తాకుతుంది. మనం మింగినది కడుపులో, పేగుల్లోని సూక్ష్మజీవుల చేతిలో, కాలేయంలో రూపం మార్చుకుని, మిగిలింది చాలా పలచబడి రక్తంలోకి చేరుతుంది. ట్యూబులో వాడిన గాఢత రక్తంలో దాదాపు ఎప్పుడూ రాదు. ఇంకొకటి: ఒకే మొక్కలో కాపాడే పదార్థాలు, చీల్చే పదార్థాలు పక్కపక్కనే ఉండొచ్చు. కుంకుడుకాయకు నురగ తెచ్చే సపోనిన్లు ట్యూబులో ఎర్రకణాలను ఇట్టే పగలగొడతాయి. అవి చాలా మూలికల్లో ఎంతో కొంత ఉంటాయి. నీటితో తీసిన సారం ఒకలా, ఆల్కహాల్‌తో తీసింది ఇంకోలా పనిచేయడానికి ఇదో కారణం.

ఆహారాల యాంటీఆక్సిడెంట్ బలాన్ని ఓరాక్ అనే అంకెతో పట్టికగా పెట్టిన అమెరికా వ్యవసాయ శాఖ, ఆ అంకెలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం చూపలేమని 2012లో పట్టికనే తీసేసింది. యాంటీఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకానికి అంతకుముందే గట్టి దెబ్బ తగిలింది. ఫిన్లాండ్‌లో 29 వేలకు పైగా పొగతాగే మగవాళ్ల మీద చేసి 1994లో ప్రకటించిన అధ్యయనంలో, బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది.

ఎర్రకణానికి సొంత రక్షణ వ్యవస్థ కూడా ఉంది. గ్లూటాథయోన్, కెటలేజ్ లాంటివి ఆ పని చేస్తాయి. గ్లూటాథయోన్ మళ్లీ మళ్లీ పనికి సిద్ధం కావాలంటే జీ6పీడీ అనే ఎంజైమ్, బి2 విటమిన్ కావాలి. బి2 పాలలో, గుడ్లలో, ఆకుకూరల్లో దొరుకుతుంది. మూలిక కోసం వెతికే ముందు ఈ మామూలు తిండి సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

## ఏ కొలతలతో ఎంచుకోవాలి

నేను చూసేవి నాలుగు. మనుషుల మీద రుజువు ఉందా? హాని జరిగినట్టు నమోదైందా? మీరు వాడే మందులతో గొడవ పడుతుందా? కొన్నది నిజంగా ఆ మొక్కేనా? ధర నాకు వీటన్నిటి తర్వాతే.

వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది మీ సమస్య ఏ కణంతో అన్నది. "రక్తం తక్కువ" అంటే హిమోగ్లోబిన్ తక్కువ. "కణాలు పడిపోయాయి" అంటే మన దగ్గర సాధారణంగా ప్లేట్‌లెట్లు. రెండింటికీ కారణాలు వేరు, దారులు వేరు.

| మూలిక | మనుషుల మీద రుజువు | ఎవరికి సరిపోతుంది | ఎవరు జాగ్రత్తపడాలి | మేలైన రూపం |
|---|---|---|---|---|
| ఉసిరి | చిన్న అధ్యయనాలు. సి విటమిన్ లాభం మాత్రం ఖాయం | ఆరోగ్యవంతులు, ఐరన్ తక్కువ ఉన్నవాళ్లు | కిడ్నీ జబ్బు, ఒంట్లో ఐరన్ పేరుకున్నవాళ్లు | పచ్చి కాయ |
| మునగాకు | పోషకంగా బాగుంది, మందుగా బలహీనం | శాకాహారులు, పిల్లలున్న ఇళ్లు | వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు | పప్పు, కూర |
| బొప్పాయి ఆకు | డెంగీలో కొంత, గట్టిది కాదు | డాక్టర్ చూస్తున్న డెంగీ రోగి, అదనంగా | గర్భిణులు, వాంతులవుతున్నవాళ్లు | డాక్టర్ రాస్తే మాత్ర |
| తిప్పతీగ | రక్తకణాలకు బలమైనది లేదు | వైద్యుడు సూచించినవాళ్లు మాత్రమే | కాలేయ, థైరాయిడ్, ఆటో ఇమ్యూన్ (ఒళ్లు సొంత కణాల మీదే దాడి చేసే) జబ్బులున్నవాళ్లు | సొంతంగా వద్దు |
| పసుపు | రక్తకణాలకు తక్కువ | అందరూ, వంటలో | పిత్తాశయ రాళ్లు ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు | వంట పసుపు |

## ఉసిరి

నా జాబితాలో మొదటిది ఇదే, కారణం సాదాసీదాది. భారత వైద్య పరిశోధన మండలి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు సి విటమిన్ మగవాళ్లకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు కావాలి. పెద్ద ఉసిరికాయ ఒక్కటి తింటే దాదాపు సరిపోతుంది. అన్నంతోపాటు పులుపు పడితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఇది ట్యూబులో చూసిన సంగతి కాదు, మనుషుల మీద చాలాసార్లు కొలిచినది.

ఎండబెట్టినా, ఉడికించినా సి విటమిన్ తగ్గుతుంది. ఉసిరిలో టానిన్లు ఉండటం వల్ల కొంత మిగులుతుందంటారు గానీ, పచ్చి కాయతో ఎండు పొడి సమానం కాదు. కార్తీకంలో కాయ దొరికే రోజుల్లో తురిమి పెరుగులో కలిపినా, పప్పు దించాక చివర్లో వేసినా చాలు. నిల్వ పచ్చడిలో ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు దాన్ని మందులా తినకూడదు. రోజూ పరగడుపున గ్లాసు నిండా చిక్కటి రసం తాగడం నాకు నచ్చని అలవాటు. సి విటమిన్ అతిగా వెళితే ఒంట్లో ఆక్సలేట్ పెరుగుతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు అది మంచిది కాదు.

## బొప్పాయి ఆకు

వానాకాలం మొదలయ్యాక హైదరాబాద్‌లో దీనికి ఉన్నంత గిరాకీ ఇంకే ఆకుకూ ఉండదు. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

రుజువు లేదనడం తప్పు. మలేషియాలో 228 మంది డెంగీ రోగులతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు రోజులు ఆకు రసం తాగినవాళ్లకు ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగాయి. మన దేశంలోనూ మాత్రల రూపంలో ఇచ్చి చూశారు. అయితే మలేషియా అధ్యయనంలో ఎవరు రసం తాగుతున్నారో రోగికీ తెలుసు, డాక్టర్‌కూ తెలుసు. పైగా డెంగీలో ప్లేట్‌లెట్లు కొన్ని రోజులు పడి, తర్వాత వాటంతటవే లేస్తాయి. లేచే రోజున ఏది తాగి ఉంటే దానికే పేరొస్తుంది.

అసలు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కారిపోవడం. జ్వరం తగ్గి, అమ్మయ్య అనుకునే రోజునే అది మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా పడి ఉండటం ప్రమాద గుర్తులు. రిపోర్టులో ప్లేట్‌లెట్లు పడుతూ, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతూ ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బొప్పాయి ఆకు పసరు భరించలేని చేదు. తాగిన చాలామంది వాంతి చేసుకుంటారు. దాంతో ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది. ఆ వాంతి పసరు వల్ల వచ్చిందా, జబ్బు ముదరడం వల్ల వచ్చిందా అన్నది ఇంట్లో ఎవరూ చెప్పలేరు. చిన్నపిల్లలకు ముక్కు మూసి పోయడం మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు.

ద్రవాలు సరిగా అందుతూ, డాక్టర్ రోజూ చూస్తూ, ఆయనే మాత్ర రాస్తే వేసుకోండి. ఆకు రసం ఉంది కదా అని ఆసుపత్రికి వెళ్లడం ఒక్క పూట కూడా వాయిదా వేయకూడదు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. గర్భిణులు బొప్పాయి ఆకును ముట్టుకోకపోవడమే క్షేమం.

## తిప్పతీగ

కరోనా రోజుల్లో వేపచెట్ల మీద, ఖాళీ ప్లాట్ల గోడల మీద పాకిన తీగను చాలామంది కోసుకెళ్లి కషాయం కాచుకున్నారు. ఆ తర్వాత ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను 2021లో ప్రచురించారు. అది వేరే జాతి తీగ అయి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. 2022లో దేశంలోని పలు ఆసుపత్రుల డాక్టర్లు కలిసి ఇలాంటివే 43 కేసులు బయటపెట్టారు. చాలామంది మానేశాక కోలుకున్నారు. ముందునుంచే కాలేయ జబ్బు ఉన్నవాళ్లలో కొందరు దక్కలేదు.

తిప్పతీగ రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందనే కదా దానికి పేరు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఇప్పటికే సొంత కణాల మీద దాడి చేస్తున్నవాళ్లకు, అంటే హషిమోటో థైరాయిడ్, రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్లకు, అదే ప్రమాదం. రక్తకణాల విషయంలోనూ ఇది వర్తిస్తుంది. ఐటీపీ అనే జబ్బులో శరీరం తన ప్లేట్‌లెట్లను తానే నాశనం చేసుకుంటుంది. అలాంటివాళ్లు ప్లేట్‌లెట్ల కోసమని తిప్పతీగ తాగితే ఏమవుతుందో అన్న భయం నాకుంది.

ఆయుర్వేదంలో గుడూచికి, అంటే తిప్పతీగకు, పెద్ద స్థానమే ఉంది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ చదువుకున్న వైద్యుడు రోగిని చూసి, మోతాదు, రోజులు లెక్కగట్టి ఇవ్వడం వేరు. వీధి చివరి తీగ కోసి నెలల తరబడి తాగడం వేరు. కావాలనుకుంటే ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించుకుని అడగండి. మొదలుపెట్టే ముందు ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే ఆపేసి డాక్టర్‌ను కలవండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు చక్కెర మరీ పడిపోయే అవకాశం కూడా ఉంది.

## మునగాకు

ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దవాళ్లు పెట్టుకున్న అలవాటు మంచిది. బీటా కెరోటిన్, కాల్షియం, ప్రోటీన్ ఉన్న ఆకు. ఐరన్ కూడా ఉంది గానీ ప్రచారంలో చెప్పినంత లాభం రాదు. పాలకూర కంటే ఎన్నో రెట్లు ఐరన్ అనే లెక్కలు సాధారణంగా 100 గ్రాముల ఎండు పొడిని 100 గ్రాముల పచ్చి ఆకుతో పోల్చి చెప్పినవి. పొడి మనం తినేది చెంచాడు. ఆకులోని ఐరన్‌లో ఒంటికి పట్టేదీ తక్కువే. నిమ్మరసం పిండుకుంటే కొంత నయం. తిన్న వెంటనే టీ తాగితే ఆ కాస్తా పోతుంది, గంట ఆగండి.

రైతుబజారులో కట్ట కొని పప్పులో వేసుకోవడం క్యాప్సూల్ కంటే అన్ని విధాలా మేలు. వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం ఒక వారం బాగా తిని, ఇంకో వారం మానేయడం చేయొద్దు. ఇందులోని కె విటమిన్ వల్ల ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే అంకె) అటూ ఇటూ అవుతుంది.

## పసుపు, గోధుమ గడ్డి

పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. అది రక్తంలోకి ఎక్కేది ఇంకా తక్కువ. మిరియాల్లోని పైపరిన్ కలిపితే 20 రెట్లు ఎక్కువగా ఎక్కుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. ఆ ఒక్క మాట పట్టుకుని క్యాప్సూళ్ల వ్యాపారం పెరిగింది. ఎక్కువ మోతాదు కర్క్యుమిన్, అందులోనూ పైపరిన్ కలిపినది, కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు పలు దేశాల్లో నమోదయ్యాయి. పైపరిన్ ఇతర మందులను కూడా రక్తంలో పెంచగలదు. కూరలో చిటికెడు పసుపుతో ఈ గొడవేదీ లేదు.

గోధుమ గడ్డి రసాన్ని "ఆకుపచ్చ రక్తం" అని అమ్ముతారు. పత్రహరితం ఆకారం హిమోగ్లోబిన్‌లోని హీమ్‌ను పోలి ఉంటుంది, నిజమే. కానీ పత్రహరితం మధ్యలో ఉండేది మెగ్నీషియం, హీమ్ మధ్యలో ఉండేది ఐరన్. ఒకదాన్ని ఇంకొకటిగా మార్చే దారి మన ఒంట్లో లేదు.

## మీరు ఏ కోవలోకి వస్తారు

హిమోగ్లోబిన్ తక్కువ ఉన్నవాళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. 12 కంటే తక్కువ ఉంటే (మగవాళ్లకు 13, గర్భిణులకు 11) ముందు కారణం కనుక్కోవాలి. ఐరన్ లోపమైతే ఐరన్ మాత్రే మందు, ఉసిరి దానికి తోడు. బి12 లోపమైతే ఈ ఐదింటిలో ఏదీ పనిచేయదు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే దానికి వైద్యం చేయించుకోకుండా ఎన్ని రసాలు తాగినా అంకె కదలదు.

తలసేమియా (పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ జబ్బు) ఉన్న కుటుంబాలు. హిమోగ్లోబిన్ 10-11 దగ్గరే ఆగిపోయి, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) తక్కువగా ఉంటే, హిమోగ్లోబిన్ రకాలను చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. తలసేమియా వాహకులు కావచ్చు. తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది. వాళ్లకు సి విటమిన్, ఉసిరి రసం ఎక్కువగా ఇవ్వడం ప్రమాదం. డాక్టర్ చెప్పిన మేరకే ఇవ్వాలి. ఈ విషయంలో రాజేంద్రనగర్ వైపున ఉన్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని సంప్రదించవచ్చు.

జీ6పీడీ లోపం ఉన్నవాళ్లు. "రక్తకణాలకు రక్షణ" అన్న మాట అందరికంటే ఎక్కువగా ఆకర్షించేది వీళ్లనే, అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడాల్సిందీ వీళ్లే. ఎర్రకణం సొంత రక్షణ బలహీనంగా ఉండటం వల్ల కొన్ని మందులు, ఇన్‌ఫెక్షన్లు తగిలితే కణాలు గుంపులుగా పగిలిపోతాయి. సిరలోకి ఎక్కించిన భారీ మోతాదు సి విటమిన్ కూడా ఆ పని చేసింది. యాంటీఆక్సిడెంట్ పేరున్నదే వీళ్లకు శత్రువైన సందర్భం అది. తెలియని మూలికల మిశ్రమాలు అసలు వద్దు. బీరువాలో వేసే కలరా ఉండలు ఇంట్లో ఉంచకండి. ఈ లోపమున్న పసిబిడ్డల ఒంటికి గోరింటాకు పెట్టకండి, దానివల్ల కూడా కణాలు పగిలిన కేసులున్నాయి.

గుండెకు, క్యాన్సర్‌కు మందులు వాడేవాళ్లు. తిండిలో ఉసిరి, పసుపు మామూలుగా వేసుకోండి. సారాలు, క్యాప్సూళ్లు మాత్రం మీ డాక్టర్‌కు సీసా చూపించి అడిగాకే. కీమోథెరపీ జరుగుతున్న రోజుల్లో సొంతంగా ఏ యాంటీఆక్సిడెంట్ మాత్రా మొదలుపెట్టొద్దు.

ఏ జబ్బూ లేక, ముందు జాగ్రత్తగా ఏదైనా తీసుకోవాలనుకునేవాళ్లు. మీ డబ్బు ఉసిరికి, మునగాకుకు, జామకాయకు, గుడ్లకు పెట్టండి.

## కొనేటప్పుడు

పొడి కంటే ఆకారం తెలిసే సరుకు నయం. బేగంబజార్‌లో ఎండు ఉసిరి ముక్కలుగా దొరుకుతుంది, అదే తీసుకోండి. మెరిసే రంగు కోసం పసుపు పొడిలో సీసం కలిసిన రంగు కలిపే మోసం ఉంది కాబట్టి కొమ్ములు కొని మర పట్టించుకోవడం మంచిది. పార్కుల దగ్గర అమ్మే రసాల్లో ఏ ఆకు వేశారో, ఏ నీళ్లు పోశారో చూసే వీలు లేకపోతే తాగకండి.

క్యాప్సూల్ తప్పదనుకుంటే లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, సారం నిష్పత్తి, బ్యాచ్ నంబర్ ఉండాలి. 10:1 అంటే పది కిలోల మూలిక నుంచి కిలో సారం తీశారని. ఆ లెక్కన 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో 5 గ్రాముల మూలిక సారం ఉన్నట్టు. అమ్మమ్మ కాలం నుంచి వాడుతున్నదే కదా అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ గానీ, ఆయుష్ లైసెన్స్ నంబర్ గానీ ఉంటే తయారుచేసి అమ్మడానికి అనుమతి ఉందని మాత్రమే అర్థం. ఒకేసారి రెండు మూడు మొదలుపెడితే తేడా వచ్చినప్పుడు ఏది కారణమో తెలియదు, ఒక్కటే తీసుకోండి. దేనికోసం మొదలుపెట్టారో ఆ అంకెను నెలకో రెండు నెలలకో మళ్లీ పరీక్షించి, మారకపోతే ఆపేయండి. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మానేసి, ఏం వాడారో మత్తు డాక్టర్‌కు చెప్పండి.